రెండో రోజు పొంగి మూడో రోజు పడుకునే సీసా: సోర్‌డో స్టార్టర్ కథాకమామీషు

సోర్‌డో అంటే పులియబెట్టిన పిండితో పొంగించే పుల్లటి బ్రెడ్, దానికి తోడులా వాడే పులిసిన పిండి ముద్దే స్టార్టర్. మొదటిసారి నేను స్టార్టర్ పెట్టింది మే నెలలో, హైదరాబాద్‌లో. 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్ళు, పాత పచ్చడి సీసా, మూత వదులుగా. మర్నాటికల్లా పిండి మూతని నెట్టుకుని స్టవ్ గట్టు మీదికి కారింది. ఒక్క రోజులో ఇంత పొంగిందంటే నా చేతిలో ఏదో మహత్తు ఉందనుకుని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. మూడో రోజు ఒక్క బుడగ లేదు. నాలుగో రోజూ అంతే, పైగా తడిసిన సాక్సుల వాసన. అమ్మ మూత తీసి చూసి, "పాచిపోయిందిరా, పారెయ్. తోడు వెయ్యకుండా ఎక్కడైనా తోడుకుంటుందా?" అంది. పారేశాను. ఆ సీసాకి ఏ జబ్బూ రాలేదని, ఇంకో మూడు నాలుగు రోజులు ఓపిక పడితే అసలు పొంగు అప్పుడు మొదలయ్యేదని తర్వాతెప్పుడో తెలిసింది.

2020 లాక్‌డౌన్‌లో చాలా దేశాల్లో దుకాణాల్లో ఈస్ట్ (బ్రెడ్‌ని పొంగించే సూక్ష్మజీవి) ప్యాకెట్లు దొరక్క జనం సోర్‌డో మీద పడ్డారు, ఆ గాలి మనవాళ్ళ వంటింళ్ళలోకీ వచ్చింది. దాంతోపాటు ఒకదానికొకటి పొసగని సలహాలూ వచ్చాయి. రోజూ సగం పారబొయ్యమని ఒకరు, పారబోస్తే పాపమని ఒకరు, పైనాపిల్ రసం పొయ్యమని ఇంకొకరు, చెంచాడు పెరుగు వేస్తే చాలదా అని మరొకరు. సీసాలో ఎవరెవరు బతుకుతున్నారో, వాళ్ళలో ఎప్పుడు ఎవరిది పైచేయో తెలిస్తే వీటిలో ఏ సలహా ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

## తోడుకి, ఇడ్లీ పిండికి మధ్యలో ఎక్కడో

స్టార్టర్ అంటే పిండీ నీళ్ళూ కలిపి పులియబెట్టి, అందులో పెరిగిన సూక్ష్మజీవులని చావకుండా పోషించుకుంటూ వచ్చే ముద్ద. రొట్టె చేసే రోజు అందులోంచి కొంత తీసి పెద్ద పిండిలో కలుపుతాం, మిగిలినదానికి మళ్ళీ పిండీ నీళ్ళూ పోసి ఉంచుతాం. ఆ పొయ్యడాన్నే ఫీడింగ్ అంటారు. అంతవరకూ ఇది పెరుగు తోడే. నిన్నటి పెరుగులో చెంచాడు ఇవాళ్టి పాలకి, ఇవాళ్టిదాంట్లో చెంచాడు రేపటికి.

తేడా ఎక్కడంటే, తోడు ఎవరో ఒకరు ఇస్తారు, లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. స్టార్టర్‌ని మాత్రం ఏ తోడూ లేకుండా ఉత్త పిండిలోంచే పుట్టించవచ్చు. ఈ పని మనకి తెలియనిదేం కాదు, ఇడ్లీ పిండిలో రోజూ చేసేదే. పప్పు నానబోసి, రుబ్బి, రాత్రి మూతపెట్టి పడుకుంటే తెల్లారేసరికి దానంతటదే పొంగుతుంది, మనం ఏ ప్యాకెట్టూ చింపలేదు.

పాతకాలం తరవాణి కుండ దీనికి ఇంకా దగ్గర. రోజూ గంజి, నీళ్ళు పోస్తూ కుండ పూర్తిగా ఖాళీ కాకుండా చూసుకుంటూ ఆ పులుపుని నిలబెట్టేవాళ్ళు. గోధుమ వైపు చూస్తే మిఠాయి దుకాణాల్లో జిలేబీకి నిన్నటి పులిసిన మైదా పిండి కొంచెం ఇవాళ్టిదాంట్లో కలపడం ఉంది, దాన్ని ఖమీర్ అంటారు. అంటే పేరు కొత్తది గానీ పని పాతదే.

## మొదటి వారంలో సీసాలో ఏం జరుగుతుంది

గింజ మీద పొలం నుంచే రకరకాల సూక్ష్మజీవులు వస్తాయి. పిండి పొడిగా ఉన్నంతకాలం అవి నిద్రలో ఉంటాయి. నీళ్ళు తగలగానే రెండు పనులు జరుగుతాయి. పిండిలో సహజంగా ఉన్న ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా, ముఖ్యంగా మాల్టోజ్‌గా విరుస్తాయి. ఆ చక్కెర కోసం సూక్ష్మజీవులన్నీ లేచి ఎగబడతాయి.

ముందు గెలిచేది బ్యాక్టీరియా. అందులో ల్యూకోనాస్టాక్ అనే జాతి ముఖ్యమైనది, ఇది పులుపుతో పాటు గ్యాస్ కూడా తయారు చేస్తుంది. రెండో రోజు నా సీసా పొంగి పొర్లింది దీనివల్ల, దీంతోపాటు లేచిన మరికొన్ని బ్యాక్టీరియాల వల్ల. అప్పటికి ఈస్ట్ సంఖ్య ఆ పొంగు తెప్పించేంత ఉండనే ఉండదు. వింత ఏంటంటే ఇడ్లీ పిండిని పొంగించడంలో ప్రధాన పాత్రగా శాస్త్రవేత్తలు గుర్తించినదీ ఈ ల్యూకోనాస్టాక్‌నే. అది మినప్పప్పుతో వస్తుంది, గ్యాస్ వదులుతుంది, మినప్పిండి జిగురు ఆ గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది, మనం తెల్లారగానే ఆవిరి మీద పెట్టేస్తాం. ఇడ్లీ ఆ దశలో ముగిసిపోయే కథ. సోర్‌డో చేసేవాళ్ళు అదే దశని దాటనిచ్చి, ఆ బ్యాక్టీరియా తప్పుకునేదాకా కాచుకుంటారు.

తప్పుకోవడం ఎలాగంటే, అది తయారు చేసిన పులుపే దాని ప్రాణం మీదికి వస్తుంది. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పచ్చి పిండి ముద్ద పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. పులుపు పెరిగేకొద్దీ అది పడిపోతూ 4 వైపు వస్తుంది, ఆ పులుపులో ల్యూకోనాస్టాక్ లాంటివి నిలబడలేవు. పులుపుని బాగా తట్టుకునే లాక్టోబాసిల్లస్ కుటుంబం వాటి చోటులోకి వస్తుంది. ఈస్ట్ ఇంకా తక్కువగానే ఉంటుంది. పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు కుదురుకునే ఈ మధ్యకాలమే మూడో రోజు నుంచి ఐదారో రోజు దాకా కనిపించే ఆ నిశ్శబ్దం. మొదటిసారి పెట్టేవాళ్ళు చాలామంది సరిగ్గా ఇక్కడే సీసా కడిగేస్తారు. ఓపిక పడితే ఏడో రోజుకో, పదో రోజుకో, చలికాలమైతే రెండు వారాలకో ఈస్ట్ అందుకుంటుంది. సాక్సుల వాసన పోయి కాస్త పుల్లటి పెరుగు, కాస్త పండిన పండు వాసన వస్తుంది. ఫీడింగ్ చేసిన ప్రతిసారీ ఇంచుమించు ఒకే సమయానికి రెట్టింపవుతోందంటే స్టార్టర్ కుదిరినట్టు.

పైనాపిల్ రసం సలహా ఈ మధ్యకాలాన్ని తగ్గించడానికి పుట్టింది. నీళ్ళ బదులు మొదటి రెండు మూడు రోజులు పుల్లటి రసం పోస్తే ల్యూకోనాస్టాక్ అసలు తల ఎత్తలేదు, పీహెచ్ ముందే కిందికి వస్తుంది. ఇది పనిచేస్తుంది, దీని వెనక తర్కం ఉంది. అక్కర్లేదనేవాళ్ళ మాటా కాదనలేం, ఎందుకంటే రసం లేకపోయినా అంతా చివరికి అక్కడికే చేరుతుంది, నాలుగు రోజులు అటూ ఇటూ. పెరుగు విషయానికొస్తే, అందులోని బ్యాక్టీరియా పాల చక్కెరకి అలవాటు పడినది. మొదట్లో కొంత పులుపు ఇస్తుంది గానీ గోధుమ పిండిలో స్థిరంగా కాపురం చెయ్యడం దానికి కష్టం. అమ్మ అడిగిన ప్రశ్నకి ఇన్నాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇది, ఆవిడ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

## ఇద్దరు కాపురం చేసే పద్ధతి

కుదిరిన స్టార్టర్‌లో బ్యాక్టీరియా, ఈస్ట్ రెండూ ఉంటాయి, సంఖ్యలో బ్యాక్టీరియాదే పైచేయి, సుమారుగా ఒక ఈస్ట్ కణానికి వంద బ్యాక్టీరియాలు అని లెక్క చెబుతారు. ఈస్ట్ ఎక్కువగా గ్యాస్ ఇస్తుంది, బ్యాక్టీరియా పులుపు ఇస్తుంది. కొన్ని స్టార్టర్లలో అయితే చూడముచ్చటైన సర్దుబాటు ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా మాల్టోజ్ తింటుంది, తింటూ గ్లూకోజ్‌ని బయటికి వదులుతుంది. అక్కడి ఈస్ట్ మాల్టోజ్ ముట్టదు, ఆ గ్లూకోజ్ లాంటివాటితో సరిపెట్టుకుంటుంది. ఒకరి కంచంలోకి ఇంకొకరు చెయ్యి పెట్టరు. పులుపుకి తట్టుకోలేని బయటి సూక్ష్మజీవులు లోపలికి రాలేవు కాబట్టి, చూసుకునేవాళ్ళుంటే ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది.

## సగం పారబొయ్యకపోతే ఏమవుతుంది: ఒక లెక్క

ఎక్కువమందికి మనసొప్పనిది ఈ డిస్కార్డ్, అంటే ఫీడింగ్‌కి ముందు కొంత తీసి పారబొయ్యడం. అన్నం మెతుకు పారేస్తే తిట్టే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం, రోజూ పిండి పారబొయ్యమంటే చెయ్యి రాదు. లెక్క వేసి చూడండి. 1:1:1 పద్ధతి అంటే స్టార్టర్ ఎంత ఉంటే అంత పిండి, అన్ని నీళ్ళు. మొదటి రోజు 100 గ్రాములుందనుకోండి. రెండో రోజు 300. మూడో రోజు 900. నాలుగో రోజు 2.7 కిలోలు, ఐదో రోజు 8.1, ఆరో రోజు 24.3, వారం తిరిగేసరికి 72.9 కిలోలు. అందులో సగం, అంటే 36 కిలోలకి పైగా పిండి. బియ్యం మూటలు పెట్టే చోట స్టార్టర్ పెట్టుకోవాలి.

పారబొయ్యకుండా రోజూ ఒక్క చెంచాడు పిండి వేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 200 గ్రాముల ముద్దలో ఉన్న జనానికి 10 గ్రాముల పిండి తొందరగానే అయిపోతుంది, పేరుకున్న పులుపు కూడా పల్చబడదు, క్రమంగా ఈస్ట్ నీరసిస్తుంది. అసలు కిటుకు పారబొయ్యడంలో కన్నా తక్కువ ఉంచుకోవడంలో ఉంది. 20 గ్రాములే ఉంచుకుని, 20 పిండి, 20 నీళ్ళు వేస్తే రోజుకి ఖర్చయ్యేది 20 గ్రాముల పిండి, నెలకి 600. తీసేసినది డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులకి ఒక వాయి దోశలకి సరిపోతుంది. మొదటి వారం తీసింది మాత్రం పారెయ్యడమే మంచిది, అప్పుడు అందులో ఎవరున్నారో మనకి తెలీదు.

## 1:1:1, 1:5:5, మన ఎండాకాలం

ఇక్కడే ఎక్కువ గొడవ. ఇంగ్లీషు పుస్తకాల్లో 1:1:1 అని రాసి, ఎనిమిది గంటలో పన్నెండు గంటలో ఆగమంటారు. వాళ్ళ వంటింట్లో 21, 22 డిగ్రీలుంటాయి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూడా 36 ఉండొచ్చు. అదే 1:1:1 ఇక్కడ మూడు గంటల్లో పొంగి, దిగిపోయి, మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి నీరుకారి పడుంటుంది.

మాటవరసకి మన ఇంట్లో ఈస్ట్ రెండు గంటలకోసారి రెట్టింపవుతుందనుకుందాం. 1:1:1లో పాత స్టార్టర్‌ని మూడింతలకి పల్చన చేశాం, మళ్ళీ పాత చిక్కదనానికి రావాలంటే ఒకటిన్నరకి కాస్త ఎక్కువసార్లు రెట్టింపవ్వాలి, అంటే మూడు గంటల పైచిలుకు. 1:5:5లో, అంటే 10 గ్రాముల స్టార్టర్‌కి 50 పిండి, 50 నీళ్ళు, పదకొండింతలకి పల్చన చేశాం. దీనికి మూడున్నరసార్లు రెట్టింపు, సుమారు ఏడు గంటలు. తిండి ఐదింతలు పెట్టినా టైము రెట్టింపుకన్నా కొంచెమే ఎక్కువ పెరిగింది. మరీ ఎండల్లో 1:10:10 అని కొందరు పోసేది అందుకే.

వేడిది ఇంకో పేచీ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో రకం స్టార్టర్‌లో ఉండే బ్యాక్టీరియాకి 32 డిగ్రీల దగ్గర బాగా సాగుతుంది, దాంతో కాపురం చేసే ఈస్ట్‌కి 27 దగ్గర. 36 దాటితే ఆ ఈస్ట్ పెరగడమే ఆగిపోతుంది, బ్యాక్టీరియా మాత్రం పని చేస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో "నాది పులుస్తోంది గానీ పొంగట్లేదు" అని వినిపించే ఫిర్యాదుకి ఒక కారణం ఇదే. చల్లటి నీళ్ళతో కలపడం, సీసాని నీళ్ళ గిన్నెలో పెట్టడం, పూట పూటా ఫ్రిజ్‌లోకి తొయ్యడం, ఇవన్నీ ఈస్ట్‌ని కాపాడుకునే పాట్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి జనవరిలో దీనికి సరిగ్గా తిరగేసిన బాధ, అక్కడ ఇడ్లీ పిండి గిన్నెతో పాటు ఈ సీసాని కూడా లైటు వేసిన ఓవెన్‌లో పెడతారు.

కుదిరిన స్టార్టర్‌ని ఫీడింగ్ చేసి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు దాని జోలికి పోనక్కర్లేదు. పైన నల్లటి నీరు తేలితే ఆకలేసిందని గుర్తు, అందులో కొంచెం ఆల్కహాల్ ఉంటుంది, కలిపేసినా వంపేసినా ఒకటే. నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు వాసనా ఆకలిదే. బూజు పట్టినా, గులాబీ రంగో నారింజ రంగో చారలు కనిపించినా సీసాతో సహా పారెయ్యాలి, అక్కడ వాదన లేదు.

## మర పిండా, మైదానా

స్టార్టర్ పుట్టించడానికి గిర్నీలో ఆడించిన గోధుమపిండికి సాటి లేదు. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది గింజ పై పొరలోనే, ఖనిజాలూ అక్కడే. మైదాలో ఆ పొర తీసేస్తారు కాబట్టి మైదాతో మొదలుపెడితే నెమ్మదిగా నడుస్తుంది. రాయి మీద గట్టిగా నలిగిన మన ఆటాలో పిండి రేణువులు ఎక్కువగా చితికి ఉంటాయి, అందుకే అది నీళ్ళు ఎక్కువ తాగుతుంది, త్వరగా చక్కెర ఇస్తుంది. సమ నిష్పత్తిలో కలిపినా ఆటా ముద్దలా ఉంటుంది, మైదా గరిటజారుగా ఉంటుంది.

దీనివల్ల వచ్చే అపార్థం ఒకటుంది. చెంచాడు స్టార్టర్ నీళ్ళలో తేలితే సిద్ధమైనట్టు, మునిగితే కానట్టు అంటారు. తేలడం అంటే గ్యాస్ పట్టి ఉండడం, అంతే. మైదా స్టార్టర్‌లో గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రొటీన్) వల సాగి గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది. ఆటాలో తవుడు ముక్కలు ఆ వలని కోసేస్తాయి, రై అనే ధాన్యం పిండిలో ఆ వలే బలహీనం. అవి బ్రహ్మాండంగా పులిసి కూడా మునగొచ్చు. రబ్బరు బ్యాండు సీసాకి చుట్టి ఎంత పైకొచ్చిందో చూసుకోవడం ఇంతకన్నా నమ్మదగ్గ కొలత.

రొట్టెలోకి వచ్చేసరికి చిన్న లెక్క. బేకర్లు పిండిని 100గా పెట్టుకుని మిగతావన్నీ దాంతో పోలుస్తారు. 500 గ్రాముల పిండి, 350 నీళ్ళు, 100 స్టార్టర్ అంటే నీళ్ళు 70 శాతం అనుకుంటాం. స్టార్టర్‌లో 50 పిండి, 50 నీళ్ళు ఉన్నాయిగా. మొత్తం పిండి 550, నీళ్ళు 400, అంటే దాదాపు 73 శాతం. చేతికి అంటుకుని విసిగించేది ఆ మూడు శాతమే.

## ఊరి గాలి మహిమా, చేతి మహిమా

శాన్‌ఫ్రాన్సిస్కో బ్రెడ్ రుచి ఆ ఊరి పొగమంచు గాలిదేనని చాలాకాలం నమ్మారు. 1849లో మొదలైన బూడిన్ బేకరీ ఇప్పటికీ ఆనాటి తల్లి పిండినే నడుపుతున్నామని చెప్పుకుంటుంది. 1971లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఆ బ్రెడ్‌లో ఒక కొత్త బ్యాక్టీరియాని వర్ణించారు, దానికి ఆ ఊరి పేరే వచ్చింది. తర్వాత చూస్తే అదే బ్యాక్టీరియా యూరప్ బేకరీల్లో బోలెడుచోట్ల దొరికింది. 2021లో నాలుగు ఖండాల నుంచి తెప్పించిన 500 స్టార్టర్లని పరిశీలిస్తే, ఏ ఊరిదన్న దాన్ని బట్టి లోపలి సూక్ష్మజీవులని ఊహించడం కుదరదని తేలింది.

అలాగని చోటుకీ మనిషికీ ఏ సంబంధమూ లేదనీ అనలేం. వేర్వేరు దేశాలకి చెందిన 15 మంది బేకర్లు ఒకే పిండితో ఎవరి చోట వాళ్ళు చేసి బెల్జియంలోని సాంక్ట్ వీట్‌కి తెచ్చిన స్టార్టర్లు ఒకదానికొకటి కొంత తేడాగా వచ్చాయి, ఆ బేకర్ల చేతుల మీద మామూలు మనుషులకన్నా ఎక్కువగా లాక్టోబాసిల్లస్‌లు కనిపించాయి. పిండి చేతిని మార్చిందో, చెయ్యి పిండిని మార్చిందో, రెండూ జరుగుతున్నట్టే ఉంది. నా లెక్కలో మాత్రం వంద ఏళ్ళ స్టార్టర్‌కీ మూడు నెలల స్టార్టర్‌కీ రొట్టెలో తేడా వయసు వల్ల రాదు, మీరు వేసే పిండి, వేడి, ఫీడింగ్ అలవాటు వల్ల వస్తుంది. ఎవరైనా అమెరికా నుంచి సూట్‌కేసులో ఎండబెట్టిన స్టార్టర్ పొడి తెచ్చినా, మన ఆటా తింటూ కొన్నాళ్ళుంటే అది మన ఆటా స్టార్టర్ వైపే జరుగుతుంది.

## ఈస్ట్ కలిపితే సోర్‌డో కాదా? ఒంటికి మంచిదేనా?

కాదని పట్టుబట్టేవాళ్ళున్నారు, కొంచెం పరవాలేదనేవాళ్ళూ ఉన్నారు. ఫ్రాన్స్ 1993 చట్టం రెండోవాళ్ళ వైపు కొంచెం ఒరిగింది. అక్కడ ఆ పేరుతో అమ్మే రొట్టె పీహెచ్ 4.3 దాటకూడదు, కానీ పిండి బరువులో 0.2 శాతం దాకా బేకర్స్ ఈస్ట్ కలుపుకోవచ్చు. మన బజార్లో ఆ పేరుతో దొరికే కొన్ని రొట్టెల్లో పులుపు పొడి, ఈస్ట్ రెండూ కనిపిస్తాయి, వెనక లేబుల్ చూస్తే తెలిసిపోతుంది. గమ్మత్తేంటంటే ఆ 500 స్టార్టర్లలో ఎక్కువగా కనిపించిన ఈస్ట్, ప్యాకెట్టులో అమ్మే బేకర్స్ ఈస్ట్ జాతే.

ఆరోగ్యం మాటకొస్తే, పులుపు వల్ల పిండిలో ఖనిజాలని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, జింక్ ఒంటికి కాస్త బాగా అందుతాయి, గోధుమలో కొందరికి కడుపుబ్బరం తెచ్చే ఫ్రక్టాన్లూ తగ్గుతాయి. రక్తంలో చక్కెర మామూలు తెల్ల బ్రెడ్‌కన్నా నెమ్మదిగా పెరుగుతుందని కొన్ని పరీక్షల్లో కనిపించింది, అయితే అది ఏ పిండి, ఎంతసేపు పులిసింది అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది, మైదా సోర్‌డో మైదానే. ఓవెన్ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది కాబట్టి పెరుగులోలా బతికున్న బ్యాక్టీరియా ఇందులో దొరకదు. గ్లూటెన్ కొంత విరిగినా మిగిలేది చాలానే ఉంటుంది, గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నవాళ్ళు గోధుమ సోర్‌డో తినకూడదు. వాళ్ళింట్లో స్టార్టరే కావాలంటే జొన్నపిండితోనో రాగిపిండితోనో విడిగా పెట్టుకోవాలి, అది కుదురుతుంది కూడా, పొంగి రొట్టెలా నిలబడకపోయినా అట్లకి బాగుంటుంది.